రచయిత కథను తెరకు రాసేటప్పుడు

అమ్మాయీ,

నీ స్క్రిప్టు ఆసాంతం చదివాను. రచయితనే కథానాయకుణ్ణి చెయ్యాలన్న నీ పట్టుదల నాకు నచ్చింది. కానీ ఆ అబ్బాయి రాసేదేమిటో చివరిదాకా అంతుబట్టలేదు. సిగరెట్టు మీద సిగరెట్టు కాలుస్తాడు, కాగితాలు ఉండచుట్టి మూలకు విసురుతాడు, వాన కురిసే రాత్రి పూనకం వచ్చినట్టు కూర్చుని తెల్లారేసరికి నవల పూర్తిచేస్తాడు. ప్రచురణకర్త, ప్రియురాలు, ఆఖరికి వాళ్ల నాన్న కూడా అద్భుతం అంటారు. ఆ నవలలోంచి ఒక్క వాక్యమైనా ప్రేక్షకుడి చెవిన పడదు. ముందు దీని సంగతి చూడు.

హిందీ సినిమా 'ప్యాసా' (1957)లో కథానాయకుడు విజయ్ గొప్ప కవి అని ఎవరూ మనకు చెప్పక్కర్లేదు. అతని నోట వినిపించేది సాహిర్ లుధియాన్వీ కవిత్వం, విన్నవాడికి వెంటనే తెలిసిపోతుంది. 'పాటర్సన్' (2016)లో బస్సు డ్రైవరు రాసుకునే కవితల్లో ఎక్కువ భాగం రాన్ పాడ్జెట్ అనే అసలు కవి రాసినవే. బస్సు కదిలేలోపు స్టీరింగు ముందే నోటుబుక్కు తెరిచి నాలుగు పంక్తులు రాస్తాడు. అక్షరాలు తెరమీద మెల్లగా పడుతుంటే అతని గొంతు వాటిని తడుముకుంటూ చదువుతుంది. రాత ఎంత నెమ్మదైన పనో అక్కడ చూశాను.

నీ ఇబ్బంది నాకు తెలియక కాదు. చిత్రకారుడు కుంచె పడితే బొమ్మ కనిపిస్తుంది. రచయిత కూర్చుంటాడు, అంతే. అందుకే సినిమా తరచూ రాతను వదిలేసి తాగుడునో పిచ్చినో పట్టుకుంటుంది. తాగుడుకు బానిసైన రచయిత కథ 'ది లాస్ట్ వీకెండ్' (1945)కి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ కూడా వచ్చింది. 'ది షైనింగ్' (1980)లో రచయిత టైపు చేసిన కాగితాల కట్టను అతని భార్య తిరగేస్తే పేజీల నిండా ఒకే వాక్యం. ఒళ్లు జలదరించే సీను, కాదనను. కానీ అవి రాయలేకపోయిన మనుషుల కథలు. నీ కుర్రాడు రాస్తాడు కదా!

సత్యజిత్ రాయ్ 'చారులత' (1964) దగ్గర పెట్టుకుని ఒక్క ఘట్టమే మళ్లీ మళ్లీ చూడు. చారు మొదట కోకిల మీద ఏదో రాయబోతుంది. అది అందరూ రాసే విషయమే, కలం సాగదు. వదిలేస్తుంది. తర్వాత కెమెరా ఆమె ముఖం మీద నిలుస్తుంది. నది, పడవలు, జాతర సంబరం, చిన్ననాటి పల్లె అంతా ఆ ముఖం మీదుగా ఒకదాన్నొకటి కప్పుకుంటూ సాగిపోతుంది. ఆమె పెద్దగా కదలదు, మాట్లాడదు. ఆ తర్వాతే తన ఊరి గురించి రాయడం మొదలుపెడుతుంది. అరువు విషయం వదిలి తనదైన విషయం దగ్గరికి రావడం మన కళ్లముందే జరుగుతుంది. నీ వానరాత్రి సీనులో లేనిది ఇదే. అతను ఏది వదిలేశాడు, ఏది పట్టుకున్నాడు?

ఇంటి అద్దె గొడవ, ప్రచురణకర్త చుట్టూ తిరగడం బాగానే ఉన్నాయి, వాటి జోలికి పోకు.

స్క్రిప్టు కొన్నాళ్లు పక్కన పెట్టు. అతని నవలలో ఒక పేజీ నువ్వే రాయి. సాపు చెయ్యకు, కొట్టివేతలూ దిద్దుబాట్లూ ఉన్న చిత్తుప్రతే నాకు పంపు. అందులో అతను ఏ మాట కొట్టేసి ఏ మాట పెట్టాడో చూస్తే ఆ సీను ఎక్కడ మొదలవ్వాలో ఇద్దరం కూర్చుని తేల్చుకోవచ్చు.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న