డాక్టర్ సలహా: యాప్ సంగతి తర్వాత, ముందు క్రియాటినిన్ చూపించుకోండి

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 36. మాది సోంపేట దగ్గర పల్లె. మూడేళ్ల కిందట హెచ్‌ఐవీ ఉందని తేలింది. అప్పటి నుంచి ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందుల) సెంటర్‌లో ఇచ్చే మాత్ర రోజూ రాత్రి భోజనం అయ్యాక 9 గంటలకు వేసుకుంటున్నాను. పోయిన ఏడాది పరీక్షలో వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే లెక్క) కనిపించలేదన్నారు. చెన్నైలో సెంట్రింగ్ పనికి వెళ్తుంటాను, వెళ్తే కొన్ని నెలలు అక్కడే. మాత్ర మర్చిపోకుండా ఫోన్‌లో ఒక యాప్ పెట్టుకున్నాను. నెలంతా సరిగ్గా వేసుకుంటే 100 శాతం అని చూపిస్తుంది, నాకూ ధైర్యంగా ఉంటోంది. ఇలాంటి యాప్‌లలో ఏది మంచిది? సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క), వైరల్ లోడ్ కూడా అందులో ఎక్కించుకుంటే మాటిమాటికీ సెంటర్‌కి వెళ్లకపోయినా పర్వాలేదా? మా ఆవిడకు విషయం తెలుసు, అమ్మకు తెలియదు. ఇంకో చిన్న విషయం. నాలుగైదు నెలలుగా నడుం నొప్పి. మెడికల్ షాపులో మాత్ర తెచ్చుకుని వేసుకుంటేనే పని చేయగలుగుతున్నాను. దానికి గ్యాస్ పట్టేస్తే రాత్రి పూట రెండు మూతలు గ్యాస్ సిరప్ తాగుతాను. సాయంత్రానికి పాదాలు కొంచెం పొంగుతున్నాయి, నిలబడి చేసే పని వల్లే అనుకుంటున్నాను.
– పేరు వద్దు, శ్రీకాకుళం జిల్లా

సలహా: చివర్లో 'చిన్న విషయం' అని రాశారే, నాకు అదే పెద్దగా కనిపిస్తోంది. యాప్ గురించి కూడా చెబుతాను, కాస్త ఆగండి. నెలల తరబడి షాపు నుంచి తెచ్చుకున్న నొప్పి మాత్రలు, పాదాల పొంగు, ఊరేమో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం. అందులోనూ ఏఆర్‌టీ మీద ఉన్న మనిషి. ఇవన్నీ కలిపి వింటే ఏ డాక్టరైనా ముందు అడిగేది కిడ్నీల గురించే. మీ ఉత్తరంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) మాట ఒక్కసారి కూడా రాలేదు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు చిన్నపిల్లలకు కూడా తెలిసిన మాట అది. మీరే మర్చిపోతే ఎలా?

మీ మాత్ర పేరు రాయలేదు. ఇప్పుడు ప్రభుత్వ సెంటర్లలో పెద్దవాళ్లలో ఎక్కువ మందికి ఇస్తున్నది టీఎల్‌డీ. టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు కలిసి ఒకే మాత్రగా వస్తుంది. డబ్బా మీద చూసుకోండి. మీదీ అదేననుకుని రాస్తున్నాను, కాకపోతే ఇందులో కొన్ని మాటలు మీకు వర్తించవు.

టీఎల్‌డీ మంచి మందు. మీ వైరల్ లోడ్ కనిపించనంతగా తగ్గడమే దానికి సాక్ష్యం. అయితే అందులోని టెనోఫోవిర్ కిడ్నీల గుండానే బయటికి పోవాలి, కొద్దిమందిలో కిడ్నీలను దెబ్బతీస్తుంది కూడా. అందుకే అది వాడేవాళ్లకు కనీసం ఆరు నెలలకోసారి క్రియాటినిన్ చూస్తారు. ఇప్పుడు దీనికి మీ నొప్పి మాత్ర తోడైంది. షాపులో పేరు అడగకుండా తెచ్చుకునేవి చాలావరకు డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ జాతివే. కొన్నిటిలో పారాసిటమాల్ కూడా కలిసి ఉంటుంది కాబట్టి 'ఉత్త జ్వరం మాత్రే కదా' అనిపిస్తుంది. ఇవి కిడ్నీలకు రక్తం అందడాన్ని తగ్గిస్తాయి. టెనోఫోవిర్ బాగానే పడుతున్న మనిషికి డైక్లోఫెనాక్ జోడవగానే కిడ్నీలు ఉన్నట్టుండి మొరాయించిన కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. పైగా మీరు ఎండలో స్లాబు మీద చెమటోడ్చే మనిషి. నీళ్లు ఎన్ని తాగుతారో నేను అడగను, మీకే తెలుసు.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకు ఇంతగా ఉందో ఇప్పటికీ ఒక్క కారణంగా తేల్చలేదు. నీళ్లు, ఎండలో పని, పురుగు మందులు, నొప్పి మాత్రలు, ఇలా అనుమానాలు చాలా ఉన్నాయి. అనుమానం తీరేదాకా నొప్పి మాత్రలు మింగుతూ కూర్చోవాలా? నా దగ్గరకు వచ్చే ప్రతి ఉద్దానం మనిషినీ ముందు జేబులో ఏ బిళ్లలు ఉన్నాయని అడుగుతాను. ఒకరు మొహమాటపడతారు, ఒకరు 'ఎప్పుడో ఒకటి' అంటారు. ఆ 'ఎప్పుడో ఒకటి' లెక్కేస్తే వారానికి ఒక స్ట్రిప్పు తేలుతుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది చదివి భయపడి హెచ్‌ఐవీ మాత్ర ఆపేయకండి. ఆపాల్సింది నొప్పి మాత్ర. ఏఆర్‌టీ ఆపితే వైరస్ మళ్లీ పెరుగుతుంది. మీకు హెపటైటిస్ బీ కూడా ఉందేమో తెలియదు, ఉంటే టెనోఫోవిర్, లామివుడిన్ ఒక్కసారిగా మానేయడం వల్ల కాలేయం దెబ్బతినొచ్చు. కిడ్నీల్లో తేడా ఉందని తేలితే సెంటర్ డాక్టరే మందు మారుస్తారు లేదా మోతాదు సరిచేస్తారు. ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. ఆ నిర్ణయం మీది కాదు, షాపు వాళ్లది అంతకంటే కాదు.

ఈ వారంలోనే సోంపేటలోనో పలాసలోనో రక్తంలో క్రియాటినిన్, మూత్ర పరీక్ష, బీపీ, షుగర్, హిమోగ్లోబిన్ చూపించుకోండి. మూత్రంలో ప్రొటీన్ లేదంటే నిశ్చింతగా ఉండకండి. ఉద్దానం జబ్బులో మొదట్లో ప్రొటీన్ పెద్దగా పోదు, రక్త పరీక్షలోనే బయటపడుతుంది. ఇంకో సంగతి. డోలుటెగ్రావిర్ వాడేవారిలో కిడ్నీలకు ఏమీ కాకుండానే క్రియాటినిన్ 0.1, 0.2 మేర పెరిగినట్టు కనిపించొచ్చు. అంకె చూసి టెన్షన్ పడి నెట్‌లో వెతక్కండి. పాత రిపోర్టులతో పోల్చి చెప్పమని సెంటర్‌లో చూపించండి. పాదాల పొంగుకు మీరన్నట్టు నిలబడే పని కూడా కారణం కావచ్చు. రక్తహీనత, గుండె, ఇంకా వేరేవి కూడా కావచ్చు. చూడకుండా చెప్పలేను.

నడుం నొప్పి సంగతి కూడా తేలిగ్గా తీసుకున్నారు. బరువులెత్తే పనిలో నడుం నొప్పి మామూలే, నిజమే. కానీ హెచ్‌ఐవీ ఉన్న మనిషికి ఇన్ని నెలలు నొప్పి ఉందంటే వెన్నెముక టీబీ లేదని తేల్చుకోవాలి. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, దగ్గు వీటిలో ఏదైనా ఉందా? కాళ్లలో తిమ్మిరి, బలం తగ్గడం ఉందా? రాయలేదు. లేకపోయినా వైరల్ లోడ్ బాగుంది కదా అని ఎక్స్‌రే మానకండి. నొప్పికి ఈలోగా పారాసిటమాల్ ఒక్కటే, అదీ కాలేయం సంగతి తెలిసిన డాక్టర్ చెప్పిన మోతాదులో.

ఇక మీ 100 శాతం దగ్గరికి వద్దాం. గ్యాస్ సిరప్‌లు చాలావాటిలో అల్యూమినియం, మెగ్నీషియం ఉంటాయి. ఇవి కడుపులో డోలుటెగ్రావిర్‌ను పట్టుకుని రక్తంలోకి ఎక్కనివ్వవు. మీరు రాత్రి 9కి మాత్ర వేసుకుని, ఆ పూటే సిరప్ తాగుతున్నారు. యాప్ మాత్రం పచ్చ టిక్కు పెడుతోంది. మందు నోట్లో పడిందని దానికి తెలుసు, ఒంట్లోకి ఎక్కిందో లేదో దానికి తెలియదు. మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాత గానీ, వేసుకోవడానికి ఆరు గంటల ముందు గానీ అలాంటి సిరప్ తాగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకూ ఇదే ఎడం పాటించండి. లేదంటే అవి, హెచ్‌ఐవీ మాత్ర భోజనంతో కలిపి ఒకేసారి వేసుకోవచ్చు. సిరప్‌కు మాత్రం ఈ మినహాయింపు లేదు. అసలు నొప్పి మాత్ర మానేస్తే మీ గ్యాస్ సగం తగ్గుతుందని నా అంచనా.

యాప్‌లు పనికొస్తాయా అంటే కొంతవరకు. కెన్యాలో జరిగిన ఒక అధ్యయనం 2010లో లాన్సెట్‌లో వచ్చింది. వారానికోసారి క్లినిక్ నుంచి 'ఎలా ఉన్నారు?' అని ఎస్‌ఎంఎస్ వెళ్లేది, ఇబ్బందిగా ఉందన్నవారికీ జవాబివ్వనివారికీ నర్సు ఫోన్ చేసేవారు. అలా ఎస్‌ఎంఎస్ అందుకున్నవాళ్లలో 57 శాతం మందికి వైరస్ అదుపులోకి వచ్చింది, ఎస్‌ఎంఎస్ లేనివాళ్లలో 48 శాతం మందికి. మన దక్షిణాదిలో 631 మందికి వారం వారం రికార్డు చేసిన ఫోన్ కాల్స్, బొమ్మల మెసేజ్‌లు పంపి రెండేళ్లు చూశారు, 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. పెద్ద తేడా ఏమీ రాలేదు. ఫోన్ మోగడం ఒకటి, అవతల మనిషి ఉండి మన మాట వినడం ఇంకొకటి అని నేను అర్థం చేసుకున్నాను. మీ సెంటర్‌లో కౌన్సెలర్ ఉంటారు. ఏ యాప్ కంటే కూడా ఆ నంబరు మీ ఫోన్‌లో ఉండటం ముఖ్యం.

ఫలానా యాప్ మంచిదని నేను పేరు చెప్పను. రోజుకు ఒక్క మాత్రకు ఫోన్‌లో ఉన్న అలారమే చాలు. పెట్టుకుంటే దానికి 'నీళ్లు' అనో 'మోటారు' అనో పేరు పెట్టండి. మీ ఇంట్లో ఫోన్ అందరి చేతికీ వెళ్తుందనుకుంటాను. తాళం వేసి ఉన్న ఫోన్ మీద కూడా మెసేజ్ కనిపిస్తుంది, సెట్టింగ్స్‌లో దాన్ని ఆపండి. హెచ్‌ఐవీ అనే మాట యాప్ పేరులోనే ఉంటే మీ అమ్మగారికి మీరు చెప్పకముందే అది చెప్పేస్తుంది. ఉచిత యాప్ కాంటాక్టులు, లొకేషన్ అడిగితే ఇవ్వకండి. గ్రైండర్ అనే డేటింగ్ యాప్ తన వినియోగదారుల హెచ్‌ఐవీ వివరాలను బయటి కంపెనీలకు పంపుతున్నట్టు 2018లో బయటపడింది. మన దగ్గర 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మీ అనుమతి లేకుండా మీ విషయం ఎవరికీ చెప్పకూడదు. అది 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. చట్టం ఉందని ధైర్యపడండి, కానీ రిపోర్టు ఫొటోలు తీసి దొరికిన యాప్‌లోనల్లా ఎక్కించకండి.

ఆ యాప్‌ను వాడాలనే ఉంటే ఒక్క పని చేయండి. హెచ్‌ఐవీ మాత్ర ఒక్కటే కాకుండా నొప్పి మాత్ర, సిరప్, ఆకు పసరు, ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన ఇంజెక్షన్, మీరు తీసుకున్న ప్రతిదీ తారీఖుతో రాసుకోండి. స్ట్రిప్పు వెనుక వైపు ఫొటో తీసుకోండి. సెంటర్‌లో ఫోన్ తెరిచి చూపించండి. అప్పుడు మీ యాప్ నాకూ పనికొస్తుంది.

సెంటర్‌కి వెళ్లడం మానొచ్చా అని అడిగారు. కుదరదు. అంకెలు మీరు ఎక్కించుకోగలరు, రక్తం మాత్రం ఎవరో ఒకరు తీయాలి కదా. వైరల్ లోడ్ ఏడాదికోసారి ఉచితంగానే చేస్తారు. మీరు రాసిన పరీక్షకు ఏడాది దాటినట్టుంది, ఈసారి అడగండి. చెన్నై వెళ్లేముందు సెంటర్‌లో చెబితే, వైరస్ అదుపులో ఉన్నవాళ్లకు ఒకేసారి కొన్ని నెలల మందు ఇచ్చే ఏర్పాటు ఉంది. ఎక్కువ కాలం ఉండేట్టయితే అక్కడి సెంటర్‌కి ట్రాన్స్‌ఫర్ రాయించుకోండి. ఎప్పుడైనా మాత్ర మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి, మర్నాడు రెండు కలిపి మాత్రం వద్దు. సందేహాలకు 1097 టోల్‌ఫ్రీ నంబరు ఉంది, పేరు చెప్పనక్కర్లేదు.

ఇదంతా మీ ఉత్తరం చదివి రాసిన సలహా మాత్రమే, చూసి చేసిన వైద్యం కాదు. మూత్రం తగ్గినా, మొహం ఉబ్బినా, వాంతులు, ఆయాసం మొదలైనా, కాళ్లు పట్టు తప్పినా పరీక్షల కోసం ఆగకండి, ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లండి. ఏ మందులు వాడుతున్నారో అక్కడ దాచకుండా చెప్పండి. చెన్నై టికెట్ రిపోర్టులు వచ్చాకే తీసుకోండి.