లెట్రిన్ నీళ్లు దిగకపోతే ఇంకో ట్యాంకు కట్టకండి, నేల ఎంత తాగుతదో చూడండి

అన్నా, మీరు అడిగింది చదివిన. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర పల్లె, ఇల్లు కట్టి 4 ఏండ్లు. వాన పడంగనే లెట్రిన్ నీళ్లు దిగుతలేవు. రెండుసార్లు లారీ పిలిచి ట్యాంకు ఖాళీ చేయించినా నెల తిరగకముందే మళ్లా అదే తిప్పలు. మేస్త్రీ పక్కన ఇంకో పెద్ద ట్యాంకు కట్టాలంటున్నడు. బోరు 30 అడుగుల దూరంలనే ఉంది. కట్టాల్నా వద్దా అని మీ ప్రశ్న.

కట్టకండి. మాది పరకాల దిక్కు. మూడు వానాకాలాలు ఇదే గోస పడ్డం, అందుకే ఇంత గట్టిగ చెప్తున్న.

ట్యాంకు నిండింది అంటం గని, సెప్టిక్ ట్యాంకు ఎప్పుడూ నిండుగనే ఉంటది. ఇటు ఒక చెంబు నీళ్లు పోస్తే అటు పైపు నుంచి ఒక చెంబు బయటికి పోతది. బరువున్న మడ్డి అడుగుకు దిగుతది, తేలికైంది పైన తెట్టె కడతది, నడిమిట్ల నీళ్లు మాత్రమే బయటికి పోవాలె. ఆ నీళ్లను నేల తాగకపోతే ట్యాంకు ఎంత పెద్దగ కట్టినా ఏం లాభం? ఐదుగురున్న ఇంటికి లెట్రిన్ నీళ్ల వరకైతే ఐదడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, మూడడుగుల మీద కొంచెం నీళ్ల లోతు చాలని సెప్టిక్ ట్యాంకుల భారత ప్రమాణం ఐఎస్ 2470 చెప్తది, రెండేండ్లకోసారి మడ్డి తీయించే లెక్కన. మాది 10 అడుగుల పొడవున్న ట్యాంకు. లారీ వచ్చిపోయినంక 20 రోజులు బాగుండేది, మళ్లా అంతే.

తప్పు ఎక్కడున్నదో మూడో ఏడు తెలిసింది. మా పెరడు నల్లరేగడి. ట్యాంకుల నుంచి వచ్చే నీళ్లు నేలకు ఇంకేటందుకు ఇంకుడు గుంత తవ్వింది వైశాఖంల. అప్పుడు నేల చెయ్యి పట్టేంత పగుళ్లిచ్చి ఉండె. బిందెలకొద్ది నీళ్లు పోసినా గుటుక్కున మింగింది, అందరం సంబురపడ్డం. తొలకరి పడి నేల ఉబ్బినంక పగుళ్లన్నీ మూసుకపోయినయి. రేగడి తడిస్తే బంకమన్ను ముద్దే, నీటిని కిందికి దిగనియ్యది. గుంతల వరలు దించి కంకర నింపినా చుట్టూ ఉన్న మన్ను తాగకపోతే అది ఇంకో తొట్టి అయితది.

కాబట్టి ముందు నేలను పరీక్ష చేయండి, అదీ వానలు పడి నేల నానినంక. ఎండాకాలం చేస్తే మాలెక్కనే మోసపోతరు. ఇంకుడు గుంత తవ్వాలనుకున్న లోతుకు 4 అంగుళాల బొక్క తీసి, రాత్రంతా నీళ్లతో నాననియ్యండి. పొద్దున 6 అంగుళాల ఎత్తు నీళ్లు పోసి ఒక అంగుళం దిగడానికి ఎంతసేపు పడుతదో గడియారం పెట్టి చూడండి. అరగంటలోపు దిగితే ఇంకుడు గుంత పనిచేస్తది. అరగంట నుంచి గంట పడితే గుంత వద్దు, పొడుగు కందకం తీయాలె. గంట దాటితే ఆ జాగల నీళ్లు ఇంకవు, వేరే జాగ వెతకాలె. మా నల్లరేగడిల రెండు గంటలకు కూడ అంగుళం దిగలే. ఇంటెనక మెరక మీద ఎర్ర చెలకల 20 నిమిషాలకే దిగింది.

పరీక్ష అయినంక ట్యాంకు మూత తెరిపించినం, ఇంకో రెండు లోపాలు బయటపడ్డయి. నీళ్లు బయటికి పోయే అవతలి పైపుకు టీ (తెట్టె పోకుండ ఆపే T ఆకారం పైపు ముక్క) బిగియ్యలే, దాంతోటి తెట్టె నేరుగ గుంతలకు పోయి కంకరంత జిగట పట్టింది. రెండోది అంతకన్న ఘోరం: అడుగున కాంక్రీటే లేదు. నీళ్లు కిందికే ఇంకుతయి, లారీ ఖర్చు తప్పుతదని కట్టిన మనిషి మంచి మనసుతోటే చెప్పిండు, మా నాయిన ఒప్పుకున్నడు. వానాకాలం భూమిల నీళ్లు పైకొస్తే అవే ట్యాంకులకు ఊరుతయి. లారీ తీసిన 20 రోజులకే మళ్లా నిండేదందుకే. మీ దగ్గర కూడ ముందు ఈ రెండే చూడండి.

బాగుచేసేది పెద్ద పనేం కాదు. అడుగు, గోడలు నీళ్లు కారకుండ చేయించినం. రెండు దిక్కుల టీలు పెట్టించినం. స్నానాల నీళ్లు, బోళ్లు తోమిన నీళ్లు ట్యాంకుల కలవకుండ వేరే దారి పట్టించినం, సగం బరువు దానితోటే తగ్గింది. ట్యాంకు నీళ్లకు చెలకల రెండడుగుల వెడల్పున రెండు కందకాలు తీసి, కంకరల బొక్కల పైపు పరిచి, పైన గడ్డి వేసి మన్ను కప్పినం. 38 వేలు అయినయి. ఇంకో ట్యాంకు కడితే అంతకు డబుల్ అయ్యేది.

అడుగు వేయించాలంటే మనిషి లోపల పని చెయ్యాల్సిందే కదా, అక్కడ జాగ్రత్త. లారీ గుంజినంక మేస్త్రీ వెంట వచ్చిన పిల్లగాడు నిచ్చెన దించబోయిండు. మా నాయిన రెక్క పట్టి ఆపిండు. లోపల విషగాలి ఉంటది, ఒక్క ఊపిరికే పడిపోతరు, తీయబోయినోడు కూడ పోతడు. మేం పై బిళ్లలన్నీ తీసేసి, కడిగించి, నాలుగు రోజులు ఎండకు, గాలికి వదిలినంకనే సిమెంటు పని చేయించినం. మడ్డి తీయడానికైతే మనిషిని అసలే దించొద్దు, రక్షణ సామాను లేకుండ దించుడు, మనుషులతోటి మలం ఎత్తించుడు నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. లారీని పిలిచినప్పుడు మడ్డి ఎక్కడ పోస్తవని కూడ అడగండి. వరంగల్ల అమ్మవారిపేటల శుద్ధి కేంద్రం ఉన్నది. చెరువు కట్ట కింద పోస్తానంటే పైసలియ్యకండి.

ఇగ మీ బోరు సంగతి. మీ ప్రశ్నల నాకు ఎక్కువ భయం పెట్టింది అదే. తాగునీటికి, ఇంకుడు గుంతకు మధ్య కనీసం 60 అడుగులు ఉండాలె. మన దిక్కు కింద బండ, బండల నెర్రెలు. మన్ను వడపోసినట్టు నెర్రె వడపొయ్యదు, మురికి నీళ్లు దాంట్ల నుంచి నేరుగ బోరుకు చేరొచ్చు. మా బోరు నీళ్లు చూస్తే అద్దంలెక్క ఉండేటియి, వాసన లేదు. పిల్లలకు మాటిమాటికి విరేచనాలైతుంటే తినే తిండి అనుకున్నం. పరీక్ష చేయిస్తే మలంల ఉండే క్రిములు దొరికినయి. ఇయ్యాల్టి నుంచే తాగడానికి భగీరథ నల్లా నీళ్లు పట్టండి, లేకపోతే మరగబెట్టండి. బోరు నీళ్లు పరీక్షకు పంపి, కొత్త కందకం బోరుకు పల్లం దిక్కున తీయండి. మేస్త్రీ ట్యాంకు మూత తెరిచినంక టీ ఉన్నదా, అడుగు వేసిండ్రా లేదా, అంగుళం దిగడానికి ఎంతసేపు పట్టిందో ఇక్కడ రాస్తే కందకం ఎంత పొడుగు కావాల్నో లెక్క కట్టి చెప్త.