మే నెలాఖరులో శ్రీలంక: రోజూ వానే అని యాప్ చూపిస్తోంది, టూర్ మానుకోవాలా?

మానుకోనక్కర్లేదండీ. బెంటోటా హోటల్ ఒక్కటి క్యాన్సిల్ చేసుకోండి చాలు. మీరు రాసిన ప్లాన్ కొలంబో, బెంటోటా, నువారా ఎలియా. మే చివర్లో తడిసే వైపంతా ఏరుకున్నట్టుంది.

శ్రీలంక మొత్తం 65,610 చదరపు కిలోమీటర్లు, మన తెలంగాణలో సగానికి కాస్త పైన. అయినా అక్కడి వాతావరణం ఒక్కటి కాదు. నడుమ కొండలున్నాయి, పిదురుతలాగల శిఖరం 2,524 మీటర్లు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి పడమటి వాలుకు కొట్టి నీళ్లన్నీ అక్కడే కుమ్మరిస్తుంది. ఆ వాలు మీది వటవల వైపు ఏడాదికి 5,000 మిల్లీమీటర్లు దాటుతుంది. కొండ దాటి దిగేసరికి ఆ గాలి పొడిబారి వేడెక్కుతుంది, తూర్పు తీరంలో దాన్ని కచ్చాన్ అంటారు. మహాబలేశ్వరంలో కుండపోత కురుస్తుంటే మనకు మబ్బు మాత్రమే పట్టినట్టు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇదంతా తిరగబడుతుంది. తూర్పు తీరంలోని ట్రింకోమలీ వానలు నెల్లూరు వానల లెక్క, ఈశాన్య రుతుపవనాలవి.

ఈ తేడా తేయాకులోనే తెలిసిపోతుంది. తూర్పు వాలు మీది ఊవా టీకి మంచి రుచి జులై–సెప్టెంబరు ఆకుతో వస్తుంది, ఆ పొడిగాలి వల్లే. పడమటి వాలు మీది డింబులాకు జనవరి–మార్చి. ఇంటికి టీ కొనేటప్పుడు ఏ నెల ఆకో అడగండి, రంగు డబ్బా చూసి మోసపోకండి.

మీ వారం రోజులకు నేనైతే ఇలా వేస్తాను. విమానం దిగాక కొలంబోలో ఆగకుండా దంబుల్లా, సిగిరియా. అక్కడి నుంచి ట్రింకోమలీ, బస అక్కడి బీచ్ ఊళ్లు నీలావెలిలో గానీ ఉప్పువెలిలో గానీ. ఆ నెలల్లో అక్కడ సముద్రం నెమ్మదిగా ఉంటుంది, పిజన్ ఐలాండ్ దగ్గర స్నార్కెలింగ్ కుదురుతుంది. కోనేశ్వరం గుడి ట్రింకోమలీ ఊళ్లోనే. తిరిగి వస్తూ క్యాండీ, నువారా ఎలియాలో ఒక్క రాత్రి, అక్కడి నుంచి రైల్లో ఎల్ల అనే కొండ ఊరు. అదే సమయంలో పడమర, దక్షిణ తీరాల్లోని బెంటోటా, హిక్కడువా, మిరిస్సాల్లో అలలు ఎత్తుగా లేస్తాయి, ఒడ్డున ఎర్రజెండాలు కడతారు. పిల్లల్ని నీళ్లలోకి దింపనే వద్దు. సిగిరియా బండకోట ఎక్కడం మాత్రం తెల్లవారగానే మొదలుపెట్టండి, పది దాటితే బండ కాలుతుంది.

స్వెట్టర్ సంగతి. ప్రతి వంద మీటర్ల ఎత్తుకీ దాదాపు 0.65 డిగ్రీలు తగ్గుతుంది. నువారా ఎలియా 1,868 మీటర్లు, కాబట్టి కొలంబోలో 30 ఉంటే అక్కడ 18. జనవరి, ఫిబ్రవరి రాత్రుల్లో గడ్డి మీద మంచు పేరుకోవడం కూడా ఉంది. మే నెలలో అంత చలి ఉండదు గానీ సన్నజల్లు, పొగమంచు, గాలి కలిసి వణికిస్తాయి. డిసెంబరులో మనం వేసుకునే జర్కిన్ చాలు, మంకీ క్యాప్ మీ ఇష్టం. గొడుగు గాలికి తిరగబడుతుంది, ఒక్కొక్కరికీ టోపీ ఉన్న రెయిన్‌కోటు పెట్టుకోండి. కాటన్ జీన్స్ తడిస్తే మర్నాటికీ ఆరవు. ఎల్ల సుమారు 1,000 మీటర్లే, అక్కడ పలచటి ఫుల్‌హ్యాండ్స్ సరిపోతుంది. ఎల్ల వెళ్లే రైలు పట్టిపొల, ఓహియా స్టేషన్ల మధ్య కొండగట్టు దాటుతుంది. ఇవతల జల్లు పడుతుంటే అవతల ఎండ కాయడం అక్కడ మామూలే. కొండచరియలు పడితే రైళ్లు ఆపేస్తారు, నడుస్తోందో లేదో ముందురోజు కనుక్కోండి.

సింహరాజ అడవి పెట్టుకున్నారా? ఈ నెలల్లో జలగలు విపరీతం. మోకాలి దాకా వచ్చే బిగుతు మేజోళ్లు, చిటికెడు ఉప్పు. పట్టుకుంటే లాగకండి, గోరుతో పక్కనుంచి నెట్టి గాయాన్ని సబ్బుతో కడగండి.

ఇక యాప్. శ్రీలంక అని గానీ కొలంబో అని గానీ వెతికితే మీకు పనికొచ్చేది దొరకదు, రాత్రి ఉండే ఊరి పేరు కొట్టండి. మబ్బు బొమ్మ వదిలేసి మిల్లీమీటర్లు చూడండి. రోజుకు నాలుగైదంటే అరగంట జల్లు. మన వాతావరణ శాఖ 64.5 దాటితేనే భారీ వర్షం అంటుంది. కొండల్లో అంత చూపిస్తే ఆ రోజు ప్రయాణం ఆపుకోండి. కొండచరియల హెచ్చరికలు ఇచ్చేది అక్కడి నేషనల్ బిల్డింగ్ రీసెర్చ్ ఆర్గనైజేషన్. రత్నపుర, కేగాల్ల, బదుల్ల, నువారా ఎలియా జిల్లాల పేర్లు తరచూ వస్తుంటాయి.

దసరా సెలవులకి మార్చుకుందామని చివర్లో అడిగారు. వద్దు. అక్టోబరు, నవంబరుల్లో ఏ గాలీ నిలకడగా ఉండదు, మధ్యాహ్నం ఉరుములతో రెండు వైపులా కురుస్తుంది, పైగా బంగాళాఖాతం వాయుగుండాలు. పారిపోవడానికి పొడి వైపంటూ మిగలదు. సంక్రాంతికైతే వెళ్లొచ్చు, ప్లాన్ తిరగేసి ట్రింకోమలీ బదులు దక్షిణ తీరంలోని గాల్ నగరం, మిరిస్సా పెట్టుకోండి. తిమింగలాలు కనిపించే పడవలు కూడా అప్పుడు మిరిస్సా నుంచే బయల్దేరతాయి.