అమ్మకి ఈ వయసులో ఇంగ్లీషు నేర్పించాలంటే స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్లో చేర్పించాలా?

మీ అమ్మగారికి 47, అయిదో తరగతి దాకా చదివారు, తెలుగు పేపరు చదువుతారు, ఇప్పుడు ఇంగ్లీషు నేర్చుకుంటానంటున్నారు, సెంటర్లో వెయ్యాలా ఇంట్లో నేర్పాలా అని కదా మీరు అడిగింది. మాదీ విజయనగరమే, దాసన్నపేట వైపు. సెంటరు వద్దు అనే చెప్తాను, ఎందుకంటే నేను ఆ పని చేసి మూడు వేలు పోగొట్టుకున్నాను.

పేరు వద్దులెండి, ఒక సెంటర్లో మా అమ్మని జాయిన్ చేశాను. బ్యాచంతా డిగ్రీ పిల్లలు. మొదటిరోజే ఒక్కొక్కళ్ళూ లేచి సెల్ఫ్ ఇంట్రడక్షన్ ఇవ్వమన్నారంట, అమ్మ లేచి పేరు చెప్పి కూర్చుండిపోయింది. నాలుగో రోజు "మోకాళ్ళు నొప్పిరా, ఆ మెట్లు ఎక్కలేను" అంది. సెంటరు ఉన్నది గ్రౌండ్ ఫ్లోర్లో.

తర్వాత మా వీధి డ్వాక్రా గ్రూపు వాళ్ళు అడిగితే సాయంత్రాలు రామమందిరంలో నేనే మొదలెట్టాను, 11 మంది వచ్చారు. నేనూ పెద్ద తెలివిగా ఏ ఫర్ యాపిల్, ఆ తర్వాత ఈజ్, ఆమ్, ఆర్ అని బోర్డు నింపేశాను, మూడో వారానికి నలుగురు మిగిలారు, అందులో ఒకరు మా అమ్మ, ఆవిడ ఎక్కడికి పోతుంది పాపం.

అప్పుడు ఒక పిన్ని సంచీలోంచి ఆధార్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు తీసి నా ముందు పెట్టి "ఆ యాపిలు మాకెందుకు బాబూ, ఇందులో నా పేరు ఎక్కడుందో సూపించు, రెండింట్లో పేర్లు కలవలేదంటన్నారు" అంది. చూస్తే ఒకదాంట్లో లక్ష్మికి ఎల్ ఏ కె ఎస్ హెచ్ ఎమ్ ఐ, రెండోదాంట్లో ఎల్ ఏ ఎక్స్ ఎమ్ ఐ. పైగా ఒకదాంట్లో అన్నీ పెద్దక్షరాలు, ఇంకోదాంట్లో మొదటిదొక్కటే పెద్దది. ఆవిడ రెండూ పక్కపక్కన పెట్టుకుని వేలితో ఒక్కో అక్షరం జరుపుకుంటూ వెళ్ళి, ఎక్స్ దగ్గర ఆగి "ఇక్కడ ఈ కత్తెరేటి?" అంది. అంతే, మిగతా ముగ్గురూ మర్నాడు వాళ్ళవాళ్ళ కార్డులు పట్టుకొచ్చారు, వారం తిరిగేసరికి మానేసినోళ్ళలో అయిదుగురు మళ్ళీ వచ్చి కూర్చున్నారు. ఇంక అక్కణ్ణుంచి మా పుస్తకం ఏంటంటే ఎవరి సంచీలో ఏముంటే అదే, గ్యాసు బిల్లు, రైలు టికెట్టు, బీపీ మాత్రల అట్ట. ఆ అట్ట మీద ఈ ఎక్స్ పి అని ఎక్కడుందో వెతికి పక్కన నెలా సంవత్సరం చదివితే మందు గడువు తెలిసిపోద్ది, ఇది నేర్చుకున్న రోజు ఒకావిడ ఇంటికెళ్ళి డబ్బాలో ఉన్న మందులు సగం పారేసింది.

ఒక్క చోట మాత్రం అందరూ ఇరుక్కుంటారు, మీరు ముందే తెలుసుకోండి. మనకి క అనే అక్షరం పేరూ క, పలికేదీ క. ఇంగ్లీషులో పేరు కె, పలికేది క్. అందుకే కమల అని రాసి చూపిస్తే "కె, ఏ, ఎమ్, ఏ, ఎల్, ఏ.. ఇందులో కమల ఎక్కడుంది?" అంటారు. తప్పు వాళ్ళది కాదు. కె అంటే వట్టి పొల్లు, పక్కన ఏ పెడితే క, ఐ పెడితే కి, యూ పెడితే కు అని గుణింతం లాగా చెప్పండి, ఎందుకంటే గుణింతం వాళ్ళకి చిన్నప్పుడే వచ్చేసింది కదా, గబగబా పట్టేస్తారు. తర్వాత సి ఒకచోట క ఒకచోట స ఎందుకయ్యింది అని తిడతారు, తిట్టనివ్వండి, నా దగ్గరా జవాబు లేదు.

మాట్లాడ్డం అంటారా, కరెంటు, లోను, మీటింగు, పెన్షను, సిలిండరు ఇవన్నీ రోజూ అనేవే, అలాంటివి ఒక కాగితం మీద రాయించండి, ఎన్ని వచ్చో వాళ్ళకే ఆశ్చర్యంగా ఉంటుంది. గ్రామరు తర్వాత, అసలు ఆర్నెల్ల దాకా ఎత్తకండి.

ఈ వయసులో వస్తుందా అని కూడా రాశారు. గిడుగు రామమూర్తి గారు మన శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో మేష్టరుగా చేస్తూనే, అక్కడి గిరిజనుల భాష సవర వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని సవర నేర్చుకున్నారు, ఆఖరికి ఆ భాషకి నిఘంటువు కూడా రాశారు. ఆయన్నెవరూ లేచి సెల్ఫ్ ఇంట్రడక్షన్ ఇమ్మనలేదు.

ప్రభుత్వం 2022 నుంచి నడిపే ఉల్లాస్ గురించి ఎవరో చెప్పారన్నారు, అది 15 ఏళ్ళు దాటి చదువు రానివాళ్ళకి, చదవడం రాయడం లెక్కలు నేర్పుతారు, మీ అమ్మగారికి తెలుగు వచ్చు కాబట్టి అక్కర్లేదు. ముందుముందు టెన్త్ రాయాలనిపిస్తే ఓపెన్ స్కూల్ ఉంది, 14 నిండితే చాలు, పైన ఎంత వయసైనా పర్లేదు.

నలుగురిని పోగేసి క్లాసు పెడితే మాత్రం సిరిమాను పండగ వారం, మార్గశిర గురువారాలు సెలవిచ్చెయ్యండి, ఎలాగూ ఎవరూ రారు. రాత్రి సీరియల్ టైములో అసలు పెట్టకండి.

మా అమ్మ ఇప్పుడు ఆటో ఎక్కితే మూడు లాంతర్ల నుంచి కోట దాకా బోర్డులన్నీ పైకి చదువుతుంది. మొన్న "కూల్ డ్రింక్స్"ని "కోల్ డ్రింక్స్" అంది, డ్రైవరు నవ్వితే "ఏటి బాబూ, మరి నువ్వు సదువు" అంది. అతను తిరిగి చూళ్ళేదు.