పై అంతస్తులో వైఫై ఆగిపోతోందా? ప్లాన్ మార్చే ముందు ఇది చూడండి

ప్రశ్న: మాది విశాఖ గోపాలపట్నంలో మేడ ఇల్లు. కింద మేమిద్దరం, పైన అబ్బాయి, కోడలు ఉంటారు. వాళ్లిద్దరిదీ ఇంటి నుంచి చేసే ఉద్యోగమే. 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ ఉంది. కింద హాల్లో బాగానే వస్తోంది గానీ పైన వీడియో మీటింగులు మధ్యలో ఆగిపోతున్నాయి. ఫోన్ చేస్తే 300 ప్లాన్‌కి మారమంటున్నారు. మారమంటారా? పాత రౌటర్ ఒకటి అటక మీద ఉంది, అది ఏమైనా పనికొస్తుందా?

ఇప్పుడే మారకండి సార్. నెలనెలా కట్టే డబ్బు పెరుగుతుంది తప్ప పైన మీటింగులు బాగుపడవు. మీరు చెప్పినదాన్ని బట్టి లోపం లైన్లో లేదు, ఇంట్లో ఉంది. ప్లాన్‌లో రాసిన 100 ఎంబీపీఎస్ అనేది వీధిలోంచి మీ హాల్లో ఉన్న రౌటర్ డబ్బా దాకా వచ్చే వేగం. అక్కడి నుంచి పై గదిలో ల్యాప్‌టాప్ దాకా తీసుకెళ్లాల్సింది వైఫై, ఆ దారిలో మీ స్లాబు అడ్డం ఉంది. ఒక వీడియో మీటింగుకి నాలుగైదు ఎంబీపీఎస్ వస్తే చాలు. పైన ఇద్దరూ ఒకేసారి మీటింగులో ఉన్నా, కింద మీరు పెద్ద టీవీలో సినిమా పెట్టుకున్నా 100లో సగం కూడా ఖర్చవదు.

నా మాట మీద నమ్మకంతో ఊరుకోకుండా ఒక పరీక్ష చేయండి. ల్యాప్‌టాప్‌ని కిందికి తెచ్చి ల్యాన్ కేబుల్‌తో నేరుగా డబ్బాకి కలిపి, ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేసి స్పీడ్ టెస్ట్ పెట్టండి. 90 పైన చూపిస్తే మీ లైను శుభ్రంగా ఉన్నట్టే. తర్వాత అదే ల్యాప్‌టాప్‌ని పైకి తీసుకెళ్లి వైఫైలో చేయండి, అక్కడ 8, 10 కనబడితే పోయిందంతా మీ గోడల మధ్యే పోయింది. కేబుల్ పెట్టినా 30, 40 దాటకపోతే మాత్రం ఆ స్క్రీన్‌షాట్ చూపించి కంపెనీవాళ్లని గట్టిగా అడగండి, అడిగే హక్కు మీకుంది. ఫైల్ డౌన్‌లోడ్ అవుతున్నప్పుడు సెకనుకి 12 మెగాబైట్లు అని కనబడితే మాత్రం కంగారు పడొద్దు. 100 ఎంబీపీఎస్ అంటే మెగాబిట్లు, ఎనిమిది బిట్లు ఒక బైటు, కాబట్టి పన్నెండున్నర మెగాబైట్లే దాని పూర్తి వేగం.

పరీక్షలో 94, 95 దగ్గర ఆగిపోయిందంటే ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. ఇళ్లలో పెట్టే చవక డబ్బాల్లో చాలావాటికి ల్యాన్ పోర్టులు 100 ఎంబీపీఎస్ రకమే ఉంటాయి, ఏం చేసినా వాటిలోంచి అంతకన్నా రాదు. రేపు 300 ప్లాన్ తీసుకున్నా ఆ పోర్టులో కేబుల్ పెడితే మళ్లీ అదే 94. ప్లాన్ మార్చమనేవాళ్లు ఈ ముక్క ముందుగా చెప్పాలి. చెప్పకపోతే మీరే అడగండి, పోర్టులు గిగాబిట్‌వా (అంటే 1000 ఎంబీపీఎస్‌వి) కావా అని.

ఇక డబ్బా ఎక్కడుందో చూడండి. ఫైబర్ వేయడానికి వచ్చిన కుర్రాడు కిటికీ పక్కన కన్నం ఎక్కడ కుదిరితే అక్కడ పెట్టేసి వెళ్తాడు, అది సాధారణంగా టీవీ వెనకాలో, షోకేసు అడుగునో, బీరువా పక్కనో అవుతుంది. ఈ మూడూ చెడ్డ చోట్లే. ఇనప బీరువా, పెద్ద అద్దం, ఫ్రిజ్, చేపల తొట్టె, వీటిలో ఏది పక్కన ఉన్నా సిగ్నల్‌ని తినేస్తుంది లేదా వెనక్కి కొడుతుంది. మన ఊళ్లో పాత ఇళ్లకి తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు, పైన ఇనప చువ్వలు వేసిన స్లాబు. చాలా డబ్బాలు వైఫైని రెండు రకాలుగా పంపుతాయి, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ అందులోంచి ఎలాగోలా దూరుతుంది గానీ వేగం తక్కువ, పైగా వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ పెట్టినా దానికి ఇబ్బందే. 5 గిగాహెర్ట్జ్‌కి వేగం ఎక్కువ, గోడ దాటే సత్తా తక్కువ. మేడ ఇంట్లో స్లాబుకి ఒకే ఒక్క పెద్ద ఖాళీ ఉంటుంది, మెట్ల దారి. డబ్బాని మెట్ల దగ్గరికి తెచ్చి, మనిషి ఎత్తులో గోడకి బిగిస్తే, ఒక్క పైసా ఖర్చు లేకుండా పైన సిగ్నల్ ఎంత మారుతుందో మీరే చూస్తారు. యాంటెన్నాలన్నీ నిటారుగా పెట్టేస్తారు అందరూ. నిటారుగా ఉన్న యాంటెన్నా సిగ్నల్‌ని చుట్టూ అదే అంతస్తులో పరుస్తుంది, పైకి పెద్దగా పంపదు. అందుకే ఒకదాన్ని నేలకి సమాంతరంగా పడుకోబెట్టండి.

డబ్బా జరపాలంటే ఫైబర్ తీగని మీరు లాగొద్దు, కంపెనీ మనిషినే పిలవండి. లోపల ఉండేది వెంట్రుకంత సన్నటి గాజు పోగు, మేకు చుట్టూ బిగించి మడిస్తే వెలుతురు బయటికి కారిపోతుంది. చివర ఆకుపచ్చ రంగు ప్లగ్ ఉంటుంది, దాన్ని పీకి దాని కొన మీద వేలు పెట్టకండి, ఆ చిన్న మరక చాలు సిగ్నల్ పడిపోవడానికి. అందులోకి కన్ను పెట్టి అసలు చూడొద్దు, అందులో వచ్చే కాంతి కంటికి కనబడదు. డబ్బా మీద ఎల్ఓఎస్ (LOS) అని రాసి ఉన్న చోట ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటుంటే గాజు దారిలో వెలుతురు రావడం లేదని అర్థం, అప్పుడు రౌటర్ సెట్టింగుల్లో ఎంత వెతికినా లాభం లేదు, కంప్లయింట్ పెట్టాల్సిందే.

ఇప్పుడు అటక మీద రౌటర్ సంగతి. భేషుగ్గా పనికొస్తుంది, పైన వాళ్ల కష్టం తీరడానికి నేను చెప్పగలిగిన వాటిలో మంచి దారి కూడా అదే. కింద డబ్బా నుంచి పైకి క్యాట్ 6 రకం ల్యాన్ కేబుల్ ఒకటి వేయించండి. మెట్ల గోడ వెంట వస్తే మేలు, బయటి గోడ మీదుగా వేస్తే ఎండకి తట్టుకునే నల్ల తొడుగు రకం తీసుకోండి. వంద మీటర్ల దాకా వేగం తగ్గదు, మీ ఇంటికి పదిహేను ఇరవై మీటర్లు మించదు.

తర్వాత పాత రౌటర్‌ని వెనక ఉన్న చిన్న కన్నంలో పిన్నుతో పది పదిహేను సెకన్లు నొక్కి రీసెట్ చేయండి. దాన్ని ముందుగా ఒక ల్యాప్‌టాప్‌కి మాత్రమే కలిపి, బ్రౌజర్‌లో దాని అడ్రస్ కొట్టండి, 192.168.0.1 గానీ 192.168.1.1 గానీ ఉంటుంది, అడుగున స్టిక్కర్ మీద రాసి ఉంటుంది చూడండి. మెనూలో యాక్సెస్ పాయింట్ మోడ్ (కింద డబ్బా నెట్‌నే వైఫైగా పంచే పద్ధతి) అని ఉంటే అది ఎంచుకుంటే చాలు, మిగతా పని అదే చేసుకుంటుంది. పాత మోడళ్లలో అది ఉండదు, అప్పుడు చేత్తో చేయాలి. మొదట దాని సొంత అడ్రస్ మార్చండి. కింద డబ్బా 192.168.1.1 అయితే దీనికి 192.168.1.250 లాంటిది ఇవ్వండి, ఆ నంబరు కింద డబ్బా పంచే వరుసలో లేకుండా చూసుకోండి. తర్వాత డీహెచ్‌సీపీ ఆపేయండి. ఇది మరిచిపోయేవాళ్లే ఎక్కువ, ఆ తర్వాత వచ్చే తలనొప్పి అంతా దీనివల్లే. ఇంట్లో ప్రతి ఫోనుకీ ఒక నంబరు ఇచ్చే పని డీహెచ్‌సీపీది. రెండు డబ్బాలూ ఆ పని చేస్తే ఒకే ఆఫీసులో ఇద్దరు గుమస్తాలు ఎవరికి వాళ్లు టోకెన్లు పంచినట్టు ఉంటుంది, కాసేపు ఒక ఫోనుకి నెట్ వస్తుంది, కాసేపు ఇంకోదానికి రాదు, ఎందుకో ఎవరికీ తెలియదు.

వైఫై పేరు, పాస్‌వర్డ్ మాత్రం కింద ఏవి ఉన్నాయో పైన కూడా అవే పెట్టండి, అబ్బాయి ఫోన్ పట్టుకుని మెట్లెక్కితే అదే పైదానికి మారిపోతుంది. ఛానెల్, అంటే వైఫై నడిచే దారి నంబరు, వేరే ఉండాలి. 2.4లో కింద 1 పెడితే పైన 6 గానీ 11 గానీ పెట్టండి, ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి ఈ మూడే. ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో అపార్ట్‌మెంట్లో ఉండి ఇది చదువుతున్నవాళ్లకి ఇంకా ముఖ్యం, ఫోన్ తీసి చూస్తే చుట్టుపక్కల ఫ్లాట్ల పేర్లే వరసగా కనబడతాయి. వాళ్లు వీలైనంతవరకు 5 గిగాహెర్ట్జ్‌లోనే ఉండటం మంచిది.

చివరగా, కింది నుంచి వచ్చే కేబుల్‌ని పాత రౌటర్‌లో ల్యాన్ (LAN) అని ఉన్న పోర్టులో పెట్టండి, వ్యాన్ (WAN) అని విడిగా, వేరే రంగులో ఉండేదాంట్లో వద్దు. యాక్సెస్ పాయింట్ మోడ్ ఉన్నవాటికి ఈ పట్టింపు లేదు. మిగతావాటికి వ్యాన్‌లో పెడితే నెట్ వస్తుంది గానీ పై అంతస్తు వేరే నెట్‌వర్క్ అయిపోతుంది, కింద ఉన్న ప్రింటర్ పైవాళ్లకి కనబడదు.

కేబుల్ వేయడం ఏ రకంగానూ కుదరదంటే మెష్, అంటే ఒకే వైఫైగా కలిసి పనిచేసే డబ్బాల సెట్, కొనండి, ఖరీదు ఎక్కువైనా నమ్మకమైనది. సిగ్నల్‌ని అందుకుని ముందుకు పంపే ఎక్స్‌టెండర్లు చవగ్గా దొరుకుతాయి గానీ వాటిలో చాలావరకు విన్న మాటనే మళ్లీ అదే ఛానెల్లో చెబుతాయి, దాంతో వేగం ఇంచుమించు సగమైపోతుంది. ఏది కొన్నా సిగ్నల్ రాని గదిలో పెట్టకండి, అక్కడ దానికీ రాదు. మెట్ల మలుపులో, ఇంకా సిగ్నల్ బాగా ఉన్న చోట పెట్టండి.

ప్రశ్న: గాజువాకలో మా ఇంటి పై పోర్షన్లు రెండు అద్దెకిచ్చాం. కుర్రాళ్లు వైఫై పాస్‌వర్డ్ అడుగుతున్నారు, నెలకి కొంత ఇస్తామంటున్నారు. ఇవ్వొచ్చా? మా పాస్‌వర్డ్ మా ఆయన ఫోన్ నంబరే.

డబ్బులు తీసుకుని ఇవ్వొద్దమ్మా. నెట్ అమ్మడం లైసెన్సు ఉన్నవాళ్లు చేసే పని, మీ కనెక్షన్ మీ ఇంటి వాడకానికి ఇచ్చింది. అంతకన్నా పెద్ద విషయం, ఆ లైన్లో ఎవరు ఏం చేసినా పోలీసులు మొదట తలుపు కొట్టేది మీ ఇంటిదే. 2008 జులై 26న అహ్మదాబాద్‌లో పేలుళ్లు జరిగినప్పుడు, అంతకు కొద్ది నిమిషాల ముందు వెళ్లిన బెదిరింపు మెయిల్ నవీ ముంబైలో ఒక ఫ్లాట్‌లోని వైఫై నుంచి పంపారని తేలింది. ఆ వైఫైకి సరైన కాపలా లేదు, బయటివాళ్లు వాడుకున్నారు. ఆ ఇంట్లో ఉన్న మనిషిని విచారించారు. వైఫైని భద్రంగా పెట్టుకోవాలని టెలికాం శాఖ 2009లో ఆదేశాలు ఇచ్చింది. మీ కుర్రాళ్లు మంచివాళ్లే కావచ్చు, వాళ్ల దగ్గరికి వచ్చే స్నేహితులందరి సంగతీ మీకు తెలియదు కదా. వాళ్లనే ఒక చిన్న కనెక్షన్ తీసుకుని పంచుకోమనండి.

ఆ ఫోన్ నంబరు పాస్‌వర్డ్ మాత్రం ఇవాళే మార్చేయండి. నెట్ పెట్టడానికి వచ్చినవాళ్లు గుర్తుంటుందని చాలా ఇళ్లలో అదే పెడతారు, ఆ నంబరు తెలియనివాళ్లు మీ వీధిలో ఎవరు? మూడు నాలుగు తెలుగు మాటలు కలిపి ఇంగ్లిష్ అక్షరాల్లో పొడుగ్గా రాసి మధ్యలో ఒక అంకె పెట్టండి, గుర్తుంటుంది, ఊహించడం కష్టం. సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ ఉండాలి. పాస్‌వర్డ్ కొట్టకుండా కలిపే డబ్ల్యూపీఎస్ అనే బటన్ సౌకర్యం ఆపేయండి. రౌటర్ లోపలికి వెళ్లే అడ్మిన్ పాస్‌వర్డ్ వేరే ఉంటుంది, అదీ మార్చాలి, అడ్మిన్ అడ్మిన్ అనే వదిలేస్తే ఇంట్లోకి వచ్చిన ఎవరైనా సెట్టింగులన్నీ తిప్పేయగలరు. చుట్టాలొస్తే గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేసి ఆ పాస్‌వర్డ్ ఇవ్వండి, వాళ్లకి నెట్ వస్తుంది, మీ టీవీ, కెమెరాలు, కంప్యూటర్ వాళ్లకి కనబడవు. వెళ్లాక ఆపేయండి.

ప్రశ్న: పెదవాల్తేరులో సముద్రం వైపు ఫ్లాట్ మాది. రౌటర్ రాత్రిళ్లు ఆపాలా?

అక్కర్లేదు, అది తినే కరెంటు చాలా తక్కువ, అప్‌డేట్లు కూడా చాలావాటికి రాత్రిపూటే వస్తాయి. కానీ దాన్ని బాల్కనీ కిటికీ దగ్గర మాత్రం పెట్టకండి. ఉప్పుగాలికి ల్యాన్ పిన్నులు పచ్చగా చిలుము పడతాయి, అప్పుడు కేబుల్ పెట్టినా ఒకసారి తగిలి ఒకసారి తగలదు. లోపలి గోడకి మార్చండి.

ప్రశ్న: మధురవాడలో కరెంటు పోగానే నెట్ పోతోంది. ఇన్వర్టర్ లేదు. రౌటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్ కొంటే సరిపోతుందా?

చాలావరకు సరిపోతుంది. కొనే ముందు మీ రౌటర్ అడాప్టర్ మీద సన్నటి అక్షరాల్లో ఉన్నది చదవండి. చాలావాటికి 12 వోల్టులు, 1 ఆంపియర్ అనో 1.5 అనో ఉంటుంది. వోల్టులు కచ్చితంగా అవే ఉండాలి, ఆంపియర్లు అంతే గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. మీ ఇంట్లో ఫైబర్ డబ్బా ఒకటి, రౌటర్ ఒకటి విడివిడిగా ఉంటే రెండింటికీ కరెంటు కావాలి, రెండు అవుట్‌పుట్లు ఉన్నది చూసుకోండి. ఒక్క రౌటర్‌కే పెట్టి వైఫై గుర్తు కనబడుతోంది, నెట్ రావడం లేదని చాలామంది రాస్తుంటారు.

యూపీఎస్ పెట్టాక కూడా కరెంటు పోయినప్పుడు నెట్ ఆగిపోతే ఫైబర్ డబ్బా మీద పాన్ (PON) అని రాసి ఉన్న లైటు చూడండి. అది నిలకడగా వెలుగుతుంటే తీగ బాగానే ఉన్నట్టు, లోపం ఇంట్లో గానీ కంపెనీవాళ్ల వైపు ఇంకెక్కడో గానీ ఉండొచ్చు. అది ఆరిపోయి ఎల్ఓఎస్ ఎర్రగా వస్తే కంపెనీవాళ్ల వైపు పరికరానికి కరెంటు పోయినట్టు, లేదా తీగే తెగినట్టు. ఫైబర్ దారిలో మధ్యలో ఉండే స్ప్లిటర్లకి (ఒక తీగ వెలుతురుని చాలా ఇళ్లకి పంచేవి) కరెంటు అక్కర్లేదు, కానీ అటు చివరి పరికరానికి కావాలి, కొన్ని చోట్ల లోకల్ ఆపరేటర్లు దాన్ని వీధిలోనే చిన్న పెట్టెలో పెడతారు. మీ వీధి పెట్టెకి బ్యాటరీ ఉందా అని వాళ్లని అడగండి, నలుగురు కలిసి అడిగితే పెడతారు.

అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు స్తంభాలు, తీగలు ఎలా పడిపోయాయో ఇక్కడ ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు, ఫైబర్ చాలా వీధుల్లో ఇంకా ఆ స్తంభాల మీదే వేలాడుతోంది. తీగ తెగితే ఏ యూపీఎస్సూ ఆదుకోదు. ఉద్యోగం నెట్ మీదే ఉన్నవాళ్లు ఫైబర్ కంపెనీది కాకుండా వేరే కంపెనీ సిమ్ ఒకటి డేటాతో ఉంచుకుని, ఫోన్ హాట్‌స్పాట్‌కి ల్యాప్‌టాప్ కలుస్తోందో లేదో ముందే ఒకసారి చూసి పెట్టుకోండి.