దెబ్బ తగలకుండానే ప్లీహం పగిలింది.. క్యాన్సరేమోనని భయం

ప్రశ్న: మావారికి 54 ఏళ్లు. మూడు వారాల క్రితం రాత్రి భోజనం చేశాక ఉన్నట్టుండి కడుపులో ఎడమవైపు విపరీతమైన నొప్పి వచ్చింది. ఎడమ భుజం కూడా లాగుతోందన్నారు. చెమటలు పట్టి పడిపోయారు. స్ప్లీన్ పగిలి లోపల రక్తం పోతోందని అదే రాత్రి ఆపరేషన్ చేసి తీసేశారు. ఆయన ఎక్కడా పడలేదు, దెబ్బా తగల్లేదు. ఇప్పుడు బాగానే ఉన్నారు. కానీ ఇది క్యాన్సర్‌కు గుర్తని బంధువులు అంటున్నారు. నిజమేనా? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: సమయానికి తీసుకెళ్లి ఆయన ప్రాణం కాపాడుకున్నారమ్మా. అయితే అన్నీ రాశారు గానీ, తీసిన ప్లీహాన్ని ల్యాబ్‌లో పరీక్షించి ఇచ్చే బయాప్సీ రిపోర్టు గురించి రాయలేదు. మీ ప్రశ్నకు అసలు జవాబు అందులోనే ఉంటుంది.

స్ప్లీన్ అంటే ప్లీహం. ఎడమ పక్కటెముకల కింద దాదాపు 150 గ్రాముల బరువుతో ఉంటుంది. లోపల నిండా రక్తం, పైన పల్చటి పొర. పగిలినప్పుడు రక్తం, ఛాతీకీ కడుపుకూ మధ్య కండరపు పొర అయిన డయాఫ్రమ్‌కు తగిలితే నొప్పి ఎడమ భుజంలో తెలుస్తుంది. మీవారికి జరిగింది అదే.

ఆరోగ్యంగా ఉన్న ప్లీహం దెబ్బ లేకుండా పగలడం చాలా అరుదు. అందుకే కారణం వెతకాలి. ఇలాంటి 845 కేసులను కలిపి పరిశీలించిన 2009 నాటి సమీక్షలో సుమారు 30 శాతం మందిలో క్యాన్సర్లే కారణమని తేలింది. వాటిలో ఎక్కువగా కనిపించేవి లింఫోమా, లుకేమియా లాంటి రక్త సంబంధ క్యాన్సర్లు. ఆ కణాలు చేరి ప్లీహం ఉబ్బిపోతుంది, పైపొర సాగిపోతుంది. అలాంటప్పుడు గట్టిగా దగ్గినా పగలొచ్చు. కొందరిలో జబ్బు బయటపడేదే ఇలా. అంటే మీ బంధువుల మాటలో కొంత నిజముంది.

కానీ మిగిలిన ఎక్కువమందికి కారణం వేరు. మలేరియా, డెంగీ లాంటి జ్వరాలు, పాంక్రియాస్ వాపు, రక్తం పల్చబడటానికి వాడే మందులు.. ఇలా చాలా ఉన్నాయి. ఆ మధ్య జ్వరం వచ్చిందా, గుండెకు మందులు వాడుతున్నారా, కొన్ని వారాల ముందు బండి మీద నుంచి జారిపడ్డారా అన్నది గుర్తు చేసుకోండి. చిన్న దెబ్బని మర్చిపోయేవాళ్లు ఎందరో.

తీసిన ప్లీహాన్ని పాథాలజీ ల్యాబ్‌కు పంపడం ఆనవాయితీ. కుట్లు మానాక ఆ రిపోర్టు సంగతి ఇంట్లోవాళ్లు మర్చిపోవడం చూస్తుంటే నాకు బాధగా ఉంటుంది. రేపే వెళ్లి అడగండి. అందులో అనుమానం ఉందని రాస్తే, ల్యాబ్‌లో దాచిన బ్లాకులు (మైనంలో భద్రపరిచిన ప్లీహం ముక్కలు), స్లైడ్లు తీసుకుని రక్త వ్యాధుల నిపుణుడైన హెమటాలజిస్టును కలవండి. ఆ ముక్క మీదే మరిన్ని పరీక్షలు చేసి ఏ రకమో తేలుస్తారు. ఒకవేళ లింఫోమా అయినా చాలా రకాలకు మంచి చికిత్స ఉంది. రిపోర్టు మామూలుగా ఉన్నా సీబీసీ (రక్తకణాల లెక్క), రక్తపు స్మియర్ (రక్తపు చుక్కను మైక్రోస్కోప్‌లో చూసే పరీక్ష) చేయించి, అప్పటి సీటీ స్కాన్‌లో లింఫ్ గ్రంథులు, కాలేయం ఎలా ఉన్నాయో చూపించండి. ప్లీహం తీశాక కొన్ని వారాలు ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు ఎక్కువగా కనిపించడం మామూలే, అది చూసి కంగారు పడకండి.

బరువు తగ్గడం, రాత్రిళ్లు బట్టలు తడిసేంత చెమట, మెడలో గానీ చంకల్లో గానీ గడ్డలు ఉంటే డాక్టర్‌కు తప్పక చెప్పండి.

ఇంకో ముఖ్యమైన మాట. ప్లీహం లేనివారికి కొన్ని ఇన్ఫెక్షన్లు గంటల్లో ముదురుతాయి. వాటిని అడ్డుకునే న్యుమోకోకల్, మెనింగోకోకల్, హిబ్ టీకాలు సాధారణంగా ఆపరేషన్ అయిన రెండు వారాలకు వేస్తారు. ఇంకా వేయకపోతే ఈ వారమే అడగండి. చలిజ్వరం వస్తే పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, ప్లీహం తీసేశారని ముందుగా చెప్పండి.