ఇటీఎఫ్‌లు తొమ్మిది, కంపెనీలు మాత్రం అవే

ప్రశ్న: మాది హన్మకొండ. నాకు 39 ఏళ్లు. ప్రభుత్వ టీచర్‌ని, సీపీఎస్‌లో (జీతంలోంచి వాటా కట్టే పెన్షన్ పథకం) ఉన్నాను. మా ఆయనకు నర్సంపేటలో ఎరువులు, విత్తనాల షాపు ఉంది. పాప తొమ్మిదో తరగతి. నెలకు 12 వేల చొప్పున 50 నెలల చిట్టీ కట్టి, ఆఖరు నెల దాకా ఆగి ఎత్తుకున్నాం. కమీషన్ పోను 5 లక్షల 70 వేలు చేతికొచ్చాయి. స్టాఫ్‌రూమ్‌లో అందరూ చెబుతుంటే డీమ్యాట్ ఖాతా (షేర్లు ఉంచుకునే ఖాతా) తెరిచి, ఏడు నెలల్లో తొమ్మిది రకాల ఇటీఎఫ్‌లు (షేర్లలా మార్కెట్లో కొని అమ్మే ఫండ్లు) కొన్నాను. అన్నీ కలిపి 84 వేలు. జాబితా పంపుతున్నాను. చిట్టీ డబ్బు కూడా ఈ తొమ్మిదింటిలోనే సమానంగా పెడితే రిస్క్ తగ్గినట్టేనా? హసన్‌పర్తి దగ్గర 200 గజాల ప్లాటు, 15 తులాల బంగారం ఉన్నాయి. అప్పులు లేవు.

జవాబు: మేడమ్, మీ జాబితాను ఒక కాగితం మీద రాసుకున్నాను. నిఫ్టీ 50 (దేశంలోని 50 పెద్ద కంపెనీల సూచీ), సెన్సెక్స్, నిఫ్టీ 100, బ్యాంక్ నిఫ్టీ, ప్రైవేట్ బ్యాంక్, ఐటీ, నాస్‌డాక్ (అమెరికా కంపెనీలు), బంగారం, వెండి. పక్కనే హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ ఎన్నింటిలో ఉందో టిక్కు పెట్టుకుంటూ వెళ్లాను. ఐదు టిక్కులు పడ్డాయి. ఐసీఐసీఐ బ్యాంకుకూ ఐదే. ఇన్ఫోసిస్, టీసీఎస్‌లకు నాలుగేసి. సెన్సెక్స్‌లోని 30 కంపెనీలు దాదాపు అన్నీ నిఫ్టీ 50లో ఉన్నవే. ఆ నిఫ్టీ 50కి తర్వాతి 50 కంపెనీలు కలిపితే నిఫ్టీ 100. అంటే మొదటి మూడూ చాలావరకు ఒకే సరుకు. పైగా నిఫ్టీ 50లోనే మూడో వంతు దాకా బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలే ఉంటాయి. దాని మీద మీరు మళ్లీ రెండు బ్యాంకు ఇటీఎఫ్‌లు కొన్నారు. ఒకే చేను పత్తిని తొమ్మిది బస్తాల్లో నింపితే తొమ్మిది పంటలు వేసినట్టు కాదు కదా.

అసలు రిస్క్ డీమ్యాట్ ఖాతాలో కంటే మీ ఇంట్లోనే ఎక్కువ కనిపిస్తోంది. మీ ఆయన షాపు నడిచేది పత్తి, మిర్చి, మక్క రైతుల మీద. ఒక ఏడాది వానలు పడకపోయినా, మిర్చి ధర పడిపోయినా ఉద్దెర వసూలు కాదు. అదే ఏడాది ప్లాటు అమ్ముదామంటే సరైన ధరకు కొనేవాళ్లూ దొరకరు. షాపు, ప్లాటు రెండూ ఈ జిల్లా బాగోగులకే కట్టుబడి ఉన్నాయి. బంగారం ఎలాగూ ఉంది. మీరు సీపీఎస్ స్కీమ్ మార్చుకోకపోతే అందులో షేర్లకు వెళ్లేది కొంత భాగమే, ఎక్కువ భాగం ప్రభుత్వ సెక్యూరిటీలు, బాండ్లు. కాబట్టి బాండ్లు కూడా ఉన్నట్టే. మీ దగ్గర లేనిదల్లా వరంగల్ వానలతో సంబంధం లేకుండా సంపాదించే కంపెనీల్లో వాటా. ఇటీఎఫ్‌లు మీకు ఆ లోటు తీర్చడానికే కావాలి.

అందుకని 5 లక్షల 70 వేలూ మార్కెట్లో పెట్టొద్దు. 1 లక్షా 20 వేలు బ్యాంకులో అత్యవసరాలకు ఉంచండి. షాపు ఉన్న ఇంటికి ఇది తప్పనిసరి. పాప ఇంటర్ ఫీజుకు 1 లక్షా 50 వేలు రెండేళ్ల ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి. రెండేళ్లలో కట్టాల్సిన ఫీజును షేర్ల మీద పెట్టి టెన్షన్ పడకూడదు. మిగిలిన 3 లక్షలకు పదేళ్ల దాకా పని చెప్పరు కాబట్టి, అందులో 2 లక్షల 10 వేలు నిఫ్టీ 50, 90 వేలు నిఫ్టీ నెక్స్ట్ 50 (పైన చెప్పిన ‘తర్వాతి 50 కంపెనీలు’). అంతే, రెండే రెండు. రెండోదాంట్లో ఊగిసలాట ఎక్కువ, అందుకే తక్కువ పెట్టమంటున్నాను.

ఈ 3 లక్షలను నెలకు 25 వేల చొప్పున ఏడాది పాటు పెట్టండి. ఒకేసారి పెట్టినా తప్పు లేదు గానీ, పెట్టిన రెండో నెలలోనే 60 వేలు తగ్గి కనిపిస్తే మీరు ఆగగలరా? 2020 జనవరిలో 12 వేలు దాటి ఉన్న నిఫ్టీ మార్చి 24 నాటికి 7,600 దిగువకు పడింది. కాజీపేటలో నాకు తెలిసిన రైల్వే ఉద్యోగి ఒకరు ఆ వారంలోనే మొత్తం అమ్మేశారు. ఎంత చెప్పినా వినలేదు. నవంబరు చివరికి నిఫ్టీ 13 వేలు దాటింది. ఆయన మళ్లీ కొనలేకపోయారు. ఆ బాధ నాకింకా ఉంది.

కొనే పద్ధతి గురించి కూడా చెప్పాలి, మీలాంటివాళ్లు తెలియకుండా నష్టపోయేది ఇక్కడే. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో జెండా పాట (వేలం) ధర ఒకటి, చివరికి చాలామంది రైతుల చేతికొచ్చే ధర ఇంకొకటి. ఇటీఎఫ్‌లో కూడా అసలు విలువ ఒకటి, స్క్రీన్ మీద అమ్ముతున్న ధర ఇంకొకటి ఉండొచ్చు. ఆ విలువను ఫండ్ సంస్థ వెబ్‌సైట్‌లో ఐ-నావ్ అనే పేరుతో మార్కెట్ నడుస్తున్నంతసేపూ చూపిస్తారు. రోజూ లక్షల యూనిట్లు చేతులు మారే ఇటీఎఫ్‌లో తేడా పైసల్లోనే ఉంటుంది. లావాదేవీలు పెద్దగా లేనిదాంట్లో అమ్మేవాళ్లు 103 అంటుంటే కొనేవాళ్లు 100 దగ్గరే ఆగిపోతారు. అక్కడ మార్కెట్ ఆర్డర్ (అమ్మేవాళ్లు చెప్పిన ధరకే కొనేయడం) పెడితే ఆ 3 రూపాయలూ మీ జేబులోంచే పోతాయి. అందుకే ఎప్పుడూ లిమిట్ ఆర్డరే (ఇంతకు మించి ఇవ్వనని మీరే ధర చెప్పడం) పెట్టండి. 9.15కి తెరవగానే కాకుండా, 11 గంటల ప్రాంతంలో, ఇంటర్వెల్‌లో కొనండి.

మీ నాస్‌డాక్ ఇటీఎఫ్‌ను ఐ-నావ్‌తో పోల్చి చూడండి. ఫండ్లు విదేశాల్లో పెట్టే డబ్బుకు పరిమితి ఉండటంతో ఫండ్ సంస్థలు కొత్త యూనిట్లు ఇవ్వలేక, ఇలాంటివాటి ధర అసలు విలువ కంటే 10 శాతం పైన పలికిన సందర్భాలున్నాయి. అమెరికా కంపెనీలు మంచివే, కానీ 100 రూపాయల సరుకును 110 పెట్టి కొనకండి.

పాతవాటిని హడావిడిగా అమ్మొద్దు. నిఫ్టీ 50 అలాగే ఉండనివ్వండి. సెన్సెక్స్, నిఫ్టీ 100, రెండు బ్యాంకువి, ఐటీ: వీటిలో నష్టంలో ఉన్నవి ఇప్పుడే అమ్మి నిఫ్టీలో కలపండి. లాభంలో ఉన్నవాటికి 12 నెలలు నిండనివ్వండి. 2024 జులై 23 నుంచి ఏడాదిలోపు అమ్మితే లాభం మీద 20 శాతం పన్ను. ఏడాది దాటితే, ఒక ఆర్థిక సంవత్సరంలో 1 లక్షా 25 వేల దాకా లాభానికి పన్ను లేదు, ఆ పైన 12.5 శాతం. బంగారం, వెండి ఇటీఎఫ్‌లకు ఈ మినహాయింపు వర్తించదు. ఉన్నవి ఉంచుకోండి, కొత్తగా కొనొద్దు.

ఇక చిట్టీ అయిపోయింది కాబట్టి నెలకు 12 వేలు మిగులుతాయి. 6 వేలు బీటెక్ ఫీజుకు రికరింగ్ డిపాజిట్, 6 వేలు నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో (అవే 50 కంపెనీల్లో పెట్టే మ్యూచువల్ ఫండ్) సిప్, అంటే నెలనెలా పెట్టుబడి. దీనికి ఇటీఎఫ్ ఎందుకు కాదంటే, సిప్ డబ్బు జీతం పడిన వెంటనే దానంతటదే కట్ అవుతుంది, ప్రతి నెలా ఆర్డర్ పెట్టే పని ఉండదు. చిట్టీ కట్టిన చేతికి అదే అలవాటుగా ఉంటుంది.

డీమ్యాట్‌లో నామినీ పెట్టినట్టు మీరు రాయలేదు. ఈ ఆదివారం మీ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ పేరు ఎక్కించండి, ఖాతా ఏ బ్రోకర్ దగ్గర ఉందో ఆయనకు చూపించండి.